ట్యాబ్‌కి యూఎస్‌బీ సామాను తగిలించే ముందు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

మొన్న తెనాలి నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. కొత్తగా టిఫిన్ సెంటర్ పెట్టాడులెండి. "బావా, ట్యాబ్ కొన్నా, బిల్లు ప్రింటర్ కొన్నా, ట్యాబ్‌కి యూఎస్‌బీ సామాను కలిపే ఓటీజీ కేబుల్ తెచ్చా, తగిలిస్తే ప్రింటర్ లైటు వెలుగుతుంది గానీ కాయితం కదలట్లా. డబ్బాలో డ్రైవర్ సీడీ ఇచ్చారు, అది ట్యాబ్‌లోకి ఎక్కించేదెట్టా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నా, ఎందుకంటే ఇదే ప్రశ్న ఒకళ్ళు కీబోర్డ్ గురించి, ఒకళ్ళు వేలిముద్ర మిషన్ గురించి, ఇంకొకళ్ళు వెబ్‌క్యామ్ గురించి అడుగుతూనే ఉంటారు, నేనూ ప్రతిసారీ మొదట్నుంచీ చెప్తూనే ఉంటా. అందుకే ఈసారి అంతా ఒక్కచోట రాసి పడేస్తున్నా.

ముందు ఒకటి బుర్రలోకి ఎక్కించుకోండి, ఆండ్రాయిడ్‌లో మనం డ్రైవర్, అంటే తగిలించిన సామానుతో ట్యాబ్‌ని మాట్లాడించే ప్రోగ్రాం, ఇన్‌స్టాల్ చేసుకునే పని ఉండదు. విండోస్‌లో లాగా సెటప్ ఫైల్ దించి నెక్స్ట్ నెక్స్ట్ కొట్టే కథ ఇక్కడ నడవదు. ఆండ్రాయిడ్ కింద ఉండేది లైనక్స్ కెర్నెల్, అంటే సిస్టం గుండెకాయ, దాంట్లో ఏ డ్రైవర్లు ఉండాలో ట్యాబ్ తయారు చేసినోడే ఫ్యాక్టరీలో పెట్టి తాళం వేసేస్తాడు. రూట్ చేసి, అంటే ఆ తాళం పగలగొట్టి, మనమే ఎక్కిద్దాం అని కొంతమంది బయల్దేరతారు, చెయ్యొచ్చు గానీ రూట్ చేసిన ట్యాబ్‌లో బ్యాంకు యాప్‌లు చాలావరకు మొరాయిస్తాయి, ఆధార్ వేలిముద్ర సర్వీసైతే అసలు నడవదు, కాబట్టి కొట్లో వాడుకునే ట్యాబ్‌కి ఆ ఊసే వద్దు.

అయితే యూఎస్‌బీ సామాన్లన్నీ మూడు గుంపుల్లో పడతాయి. మొదటి గుంపు, అందరూ ఒప్పుకున్న స్టాండర్డ్ భాష మాట్లాడేవి, అంటే కీబోర్డు, మౌసు, పెన్‌డ్రైవు, మామూలు మైకు, ఇలాంటివి. వీటికి క్లాస్ నంబర్లుంటాయి, ఆడియోకి 1, కీబోర్డు మౌసులకి 3, ప్రింటర్‌కి 7, పెన్‌డ్రైవ్‌కి 8, కెమెరాకి 14, ఇట్లా. ఇందులో చాలావరకు ట్యాబ్ చూడగానే గుర్తుపడుతుంది, కెమెరా, ప్రింటర్ల దగ్గర మాత్రం పేచీ ఉంది, దాని సంగతి కిందకెళ్ళాక చెప్తా. రెండో గుంపు, కంపెనీ సొంత భాష మాట్లాడేవి, వీటి క్లాస్ నంబర్ 255 అని ఉంటుంది, ఇవి చాలావరకు ట్యాబ్‌కి అర్థం కావు గానీ ఆ కంపెనీవాడో ఇంకెవడో ఒక యాప్ రాసుంటే ఆ యాప్ లోపలే డ్రైవర్ ఉంటుంది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.1 నుంచి యాప్‌లు నేరుగా యూఎస్‌బీ పరికరంతో మాట్లాడే వీలుంది కాబట్టి ఇది కుదురుతుంది. తగిలించగానే "ఈ పరికరాన్ని ఫలానా యాప్ వాడుకోవచ్చా" అని ఒక పెట్టె లేస్తుంది చూశారా, అదే దీని గుర్తు. మూడో గుంపు, యాప్ కూడా లేనివి. వాటికి దండం పెట్టి కంప్యూటర్ దగ్గరికి పోవడమే.

ఇక రెండో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు, ట్యాబ్‌కి ఉండే పోర్టు ఒక్కటే. ఛార్జింగూ దాంట్లోనే, ప్రింటరూ దాంట్లోనే. 2011 అక్టోబర్‌లో వచ్చిన ఆకాశ్ ట్యాబ్ గుర్తుందా, మన హైదరాబాద్‌లోనే అసెంబుల్ చేశారు, నత్త నయం అన్నట్టు నడిచేది గానీ దానికి కంప్యూటర్‌కి ఉన్నట్టు రెండు పెద్ద యూఎస్‌బీ పోర్టులుండేవి! ఇప్పుడు దాదాపు అన్నిట్లోనూ ఒక్క టైప్ సీ బొక్కే. అందుకే ఏదైనా కొనేముందు ఇది పని చేస్తుందా అన్న ఒక్క ప్రశ్నే వేసుకుంటే చాలదు, దీనికోసం ఆ ఒక్క పోర్టు ఇచ్చేయడం దండగా కాదా అనేది కూడా చూడాలి.

కీబోర్డు, మౌసు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఏది కొన్నా నడుస్తుంది, వైర్‌దైనా చిన్న డాంగిల్‌దైనా. పోర్టు ఖాళీగా ఉండాలంటే బ్లూటూత్‌ది కొనుక్కోండి, అంతే.

బార్‌కోడ్ స్కానర్ కూడా ఈ జాతే, ట్యాబ్ దాన్ని కీబోర్డు అనుకుంటుంది, స్కాన్ చేస్తే నంబర్లు ఎవరో చకచకా టైప్ చేసినట్టు పడిపోతాయి, డ్రైవర్ అక్కర్లేదు. కానీ ఇక్కడో తమాషా ఉంది, స్కానర్ తగిలించగానే తెరమీద కీబోర్డ్ మాయమైపోద్ది, ఎందుకంటే అసలు కీబోర్డ్ ఉందిగా ఇంకెందుకు అనుకుంటుంది ట్యాబ్. కస్టమర్ పేరు కొడదామంటే కొట్టే దారి ఉండదు. స్కానర్ పాడైందని తిరిగిచ్చేసినోళ్ళని కూడా చూశా నేను. సెట్టింగుల్లో లాంగ్వేజ్ అండ్ ఇన్‌పుట్, దాంట్లో ఫిజికల్ కీబోర్డ్, అక్కడ తెరమీద కీబోర్డ్ చూపించు అనే ఆప్షన్ ఆన్ చేస్తే సరి, అరనిమిషం పని.

ఇప్పుడు బిల్లు ప్రింటర్, అసలు గొడవంతా ఇక్కడే. ఇవి వేడితో అచ్చేసే థర్మల్ ప్రింటర్లు, చాలావరకు ఈఎస్‌సీ పీఓఎస్ అనే ఒకే భాష మాట్లాడతాయి, పేరు లేని చవకరకం అయినా సరే. దాంతోపాటు ఇచ్చిన సీడీ విండోస్‌కి, మనకి పనికిరాదు, టీ గ్లాసు కింద పెట్టుకోవచ్చు. ట్యాబ్‌లో కావాల్సింది రాబీటీ లాంటి యాప్, అది డ్రైవర్ పని చేసిపెడుతుంది, యూఎస్‌బీ అయినా బ్లూటూత్ అయినా దాంతో నడుస్తుంది. లేదా మీ బిల్లింగ్ యాప్‌లోనే థర్మల్ ప్రింటర్ సెట్టింగ్ ఉంటే ఇంకా మంచిది, బయటి యాప్ కూడా అక్కర్లేదు.

మరి యూఎస్‌బీయా, బ్లూటూతా, నెట్ వైరు తగిలించే ల్యాన్ పోర్టు ఉన్నదా? నా ఓటు చిన్న కొట్టుకి బ్లూటూత్‌కే. టిఫిన్ సెంటర్ పొద్దున ఐదింటికి తెరిస్తే రాత్రి దాకా ట్యాబ్ వెలుగుతూనే ఉండాలి, మధ్యలో ఛార్జింగ్ పెట్టాలి, యూఎస్‌బీ ప్రింటర్ పోర్టు పట్టుకుని కూర్చుంటే ఛార్జర్ ఎక్కడ పెడతారు? బ్లూటూత్‌లో మొదటిసారి జత చేసేటప్పుడు పిన్ అడిగితే 0000 గానీ 1234 గానీ కొట్టండి, చవక ప్రింటర్లలో ఎక్కువగా ఇవే. బ్లూటూత్‌కీ ఒక జబ్బుంది, మధ్యమధ్యలో తెగిపోద్ది, రద్దీ టైంలో తెగితే మీ బీపీ పెరుగుద్ది. రెండు మూడు ట్యాబ్‌ల నుంచి ఒకే ప్రింటర్‌కి బిల్లు పోవాలంటే మాత్రం ఆలోచించకండి, ల్యాన్ పోర్టు ఉన్న ప్రింటర్ కొని రౌటర్‌కి తగిలించండి, హోటల్ వంటింట్లో ఆర్డర్ చీటీలకి అదే సరైన దారి. ట్యాబ్ ఒక్కటే ఉండి, అది కౌంటర్ మీద నుంచి కదలకుండా ఉండి, ఒక పోర్టుని నాలుగు చేసి ఛార్జింగ్ కూడా ఇచ్చే మంచి హబ్ పెట్టుకోగలిగితే అప్పుడు యూఎస్‌బీ, తెగే బాధ ఉండదు.

తెలుగులో బిల్లు కావాలంటే ఇంకో మాట. ఈ ప్రింటర్లలో ఉండే ఫాంట్లు ఇంగ్లీషుకి, ఇంకొన్ని భాషలకి మాత్రమే, తెలుగు అక్షరం పంపిస్తే ప్రశ్నార్థకాలో పిచ్చి గీతలో వస్తాయి. బిల్లుని బొమ్మలాగా మార్చి పంపే యాప్ ఉండాలి, అప్పుడు ఇడ్లీ ఇడ్లీలాగే పడుతుంది, కాకపోతే కాస్త నెమ్మది. 58 మిల్లీమీటర్ల కాయితం మీద అడ్డంగా 384 చుక్కలే పడతాయి, గుణింతాలూ వత్తులూ ఉన్న పేర్లు ఇరుక్కుపోతాయి, 80 మిల్లీమీటర్లదైతే 576 చుక్కలు, చదవడానికి బాగుంటుంది. తెలుగు బిల్లు కావాల్సినోళ్ళు 80కే పొండి.

పెద్ద ప్రింటర్ల దగ్గరికొస్తే నిరాశే. మన జిరాక్స్ షాపుల్లో ఏళ్ళతరబడి నలిగిన కెనాన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఉన్నాయి కదా, రెండూ బంగారం లాంటి మిషన్లే, కానీ రెండూ యూఎస్‌బీ ఒక్కటే ఉన్నవి, రెండూ బుర్ర మొత్తం కంప్యూటర్‌కే వదిలేసినవి. కెనాన్‌ది క్యాప్ట్ అనే సొంత భాష. హెచ్‌పీ 1020 అయితే ఇంకా విచిత్రం, స్విచ్ వేసిన ప్రతిసారీ దాని ఫర్మ్‌వేర్‌ని కంప్యూటరే దాంట్లోకి పంపాలి, అప్పటిదాకా అది ఒక ఖాళీ డబ్బా. నోకోప్రింట్ లాంటి యాప్‌లు ఓటీజీ మీద ప్రింట్ ఇస్తాయి, మీ మోడల్ వాళ్ళ లిస్టులో ఉందేమో చూసుకుని, ఒక పేజీ టెస్ట్ చేసి, అప్పుడు నమ్మండి. కొత్తగా కొనేవాళ్ళైతే యూఎస్‌బీ మాటే మర్చిపోయి వైఫై ఉన్న ప్రింటర్ కొనండి, మోప్రియా అని రాసుంటే కళ్ళు మూసుకుని కొనొచ్చు, ఆండ్రాయిడ్‌లో ప్రింట్ నొక్కితే అదే కనపడుతుంది. పాతది పారేయడం ఇష్టం లేకపోతే మూల పడున్న పాత ల్యాప్‌టాప్‌కి దాన్ని తగిలించి, ఫైల్ అటు పంపించి ప్రింట్ ఇచ్చుకోండి, ట్యాబ్‌తో రెండు రోజులు కుస్తీ పట్టేకంటే అది నయం.

ఇక వేలిముద్ర మిషన్. ఆధార్‌తో డబ్బులు తీసిచ్చే బ్యాంక్ మిత్రలూ, కస్టమర్ సర్వీస్ పాయింట్ పెట్టుకున్నోళ్ళూ ట్యాబ్‌కి తగిలించేది ఇదే. ఇవి పైన చెప్పిన రెండో గుంపు, యాప్ లేకపోతే ఎర్రలైటు ఉన్న అద్దం ముక్క. మంత్రా, మోర్ఫో, స్టార్‌టెక్, ఈ మూడిటికీ వాటి వాటి ఆర్‌డీ (రిజిస్టర్డ్ డివైస్) సర్వీస్ యాప్‌లు ప్లే స్టోర్‌లో ఉన్నాయి, అదే డ్రైవర్ అనుకోండి. తగిలించగానే అనుమతి అడిగితే "ఎప్పుడూ" అన్న టిక్కు పెట్టి ఓకే కొట్టండి, లేకపోతే ప్రతి కస్టమర్‌కీ ఒకసారి అడుగుద్ది, ముసలావిడ పింఛను కోసం వేలు పెట్టుకుని నిలబడి ఉంటే మీరు తెర నొక్కుతూ కూర్చోవాలి.

ఈ మూడిట్లో ఏది మంచిది అని అడిగితే ముందు మీ బ్యాంకు యాప్ వేటిని ఒప్పుకుంటుందో అడగండి, మిషన్ నాణ్యత తర్వాత సంగతి. ఇక ఎల్0, ఎల్1 అని రెండు తరాలున్నాయి. ఎల్0లో వేలిముద్రకి తాళం వేసే పని ట్యాబ్‌లోని సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ఎల్1లో మిషన్ లోపలే జరిగిపోద్ది. ఆధార్ నడిపే సంస్థ ఉడాయ్ ఎల్1 వైపే తీసుకెళ్ళింది. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో మంత్రా వాళ్ళ ఎంఎఫ్ఎస్ 100 చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే అది ఎల్0 రకం అని గుర్తుపెట్టుకోండి, ఎల్1 అంటే ఎంఎఫ్ఎస్ 110. వెయ్యి రూపాయలు మిగుల్చుకుందామని పాతది కొని, రిజిస్ట్రేషన్ అవ్వక తల పట్టుకున్న కుర్రాడు మా వీధిలోనే ఉన్నాడు. ఆర్‌డీ రిజిస్ట్రేషన్‌కి గడువు కూడా ఉంటుంది, కొనేటప్పుడే ఎన్నాళ్ళకి ఇస్తున్నారో బిల్లు మీద రాయించుకోండి.

ఇంటర్నెట్ వైరు. వైఫై సరిగా అందని గదిలో ట్యాబ్‌కి ల్యాన్ వైరు పెట్టుకోవాలంటే అడాప్టర్ కొనేటప్పుడు డబ్బా మీద కంపెనీ పేరు కాదు, లోపల చిప్పు పేరు చూడండి. రియల్‌టెక్ ఆర్‌టీఎల్ 8153 గానీ, ఏసిక్స్ ఏఎక్స్ 88179 గానీ ఉంటే తొంభై పాళ్ళు నడిచినట్టే, వీటి డ్రైవర్లు లైనక్స్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. ఆండ్రాయిడ్ 12 దగ్గర్నుంచి కొత్త ట్యాబ్‌లకి గూగుల్ ఇచ్చే ఉమ్మడి కెర్నెల్ వాడటం మొదలైంది కాబట్టి ఈ విషయంలో ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ తేడాలు తగ్గాయి, పాత ట్యాబ్‌లైతే లాటరీయే. గిగాబిట్ అని ఎక్కువ పెట్టి కొన్నా మధ్యతరగతి ట్యాబ్‌లో పోర్టు యూఎస్‌బీ 2.0 అయితే 480 ఎంబీపీఎస్ దాటే ప్రసక్తే లేదు. యూఎస్‌బీ వైఫై డాంగిల్, సిమ్ వేసే నెట్ డాంగిల్, ఈ రెండిటి జోలికి మాత్రం పోవద్దు, చాలావరకు డ్రైవర్ ఉండదు, యాప్‌తోనూ కాదు. సిమ్ కావాలంటే సిమ్ ఉన్న ట్యాబే కొనాలి, లేదా ఫోన్ హాట్‌స్పాట్.

మైకుల దగ్గర ఆండ్రాయిడ్ బాగానే ఉంటుంది, 2014లో 5.0 వచ్చినప్పటినుంచి యూఎస్‌బీ ఆడియో నేరుగా తీసుకుంటుంది. వంటల వీడియోలు చేసేవాళ్ళు మామూలు యూఎస్‌బీ మైకు గానీ, టైప్ సీ రిసీవర్ ఉన్న కాలర్ మైకు గానీ కొనుక్కోండి, రెండూ నడుస్తాయి, నేనైతే కాలర్ మైకే అంటా, వంటింట్లో మిక్సీ పక్కన పెద్ద మైకు పెట్టి ఏం లాభం. స్టూడియో మైకులకి 48 వోల్టులు ఇచ్చే ఆడియో బాక్సులు చాలావరకు ట్యాబ్ ఇచ్చే కరెంటుకి లొంగవు, కరెంటు ఇచ్చే పవర్ హబ్ ఉండాలి. మీ రికార్డింగ్ యాప్ ఆ బాక్సుని చూడకపోతే సొంత డ్రైవర్ ఉన్న యూఎస్‌బీ ఆడియో రికార్డర్ ప్రో లాంటి డబ్బులు కట్టే యాప్ ఒకటుంది, అది చూడండి. మ్యూజిక్ కీబోర్డు ఉన్నోళ్ళు వెనక "యూఎస్‌బీ టు హోస్ట్" అన్న చదరపు పోర్టు చూడండి, ప్రింటర్ కేబులే దానికీ, 2015లో వచ్చిన 6.0 నుంచి మీరు నొక్కిన స్వరాలు పంపే మిడీ కూడా నడుస్తుంది.

వెబ్‌క్యామ్ మాత్రం మోసం. క్లాస్ నంబర్ ఉంది, స్టాండర్డ్ ఉంది, అన్నీ ఉన్నాయి, కానీ ట్యాబ్ తయారు చేసినోడు దాన్ని ఆన్ చేసి పెడితేనే జూమ్‌లో, మీట్‌లో కనపడుతుంది, చాలామంది చెయ్యరు. విడిగా యూఎస్‌బీ కెమెరా యాప్ వేసుకుంటే బొమ్మ ఆ యాప్‌లో వస్తుంది గానీ ఆన్‌లైన్ క్లాసుకి అది ఎందుకు? ట్యాబ్ ముందు కెమెరాతోనే సర్దుకుని ఆ డబ్బుతో ఒక మంచి స్టాండ్ కొనండి.

పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ కనపడకపోతే తొంభై శాతం డ్రైవర్ తప్పు కాదు, ఫార్మాట్ తప్పు. కంప్యూటర్‌లో వాడిన హార్డ్‌డిస్క్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉంటుంది, చాలా ట్యాబ్‌లు దాన్ని చూసి "ఫార్మాట్ చెయ్యనా" అంటాయి, పొరపాటున సరే అన్నారో పెళ్ళి వీడియో గోవిందా. ఫ్యాట్32 అన్నిట్లో నడుస్తుంది గానీ ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ బాధ లేదు, కొత్త ట్యాబ్‌లు చాలావరకు తీసుకుంటాయి. తిరిగే హార్డ్‌డిస్క్ కంటే ఎస్ఎస్‌డీ నయం, డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు లాగే కరెంటు ట్యాబ్ ఇవ్వలేక కటకటమని శబ్దం చేసి ఆగిపోద్ది.

టీవీకి కలపాలంటే టైప్ సీ నుంచి హెచ్‌డీఎంఐ తీగ కొనేముందు ఆగండి. అది నడవాలంటే ట్యాబ్ పోర్టులో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్, అంటే ఆ పోర్టులోంచే బొమ్మ బయటికి పంపే సదుపాయం, ఉండాలి, శాంసంగ్‌లో ట్యాబ్ ఎస్ పెద్ద మోడళ్ళలో ఉంటుంది, ఎస్6 లైట్‌లో లేదు, ఏ సిరీస్ చవక ట్యాబ్‌లలోనూ ఆశ పెట్టుకోవద్దు. డిస్‌ప్లేలింక్ చిప్పు ఉన్న డాక్ అయితే ప్లే స్టోర్‌లో వాళ్ళ యాప్‌తో చాలా ట్యాబ్‌లు చూపిస్తాయి, కానీ ఆ డాక్ ఖరీదుకి టీవీకే క్రోమ్‌కాస్ట్ లాంటి వైఫై పరికరం పెట్టుకోవచ్చు.

కేబుల్, హబ్ గురించి రెండు మాటలు, ఎందుకంటే డ్రైవర్ అని ఏడ్చే కేసుల్లో సగం ఇక్కడే తేలిపోతాయి. నేనే ఒకసారి బస్టాండ్ దగ్గర కొట్లో యాభై రూపాయల ఓటీజీ తెచ్చి, మూడు గంటలు యాప్‌లు మార్చి మార్చి చూసి, చివరికి పక్కింటాయన కేబుల్ పెడితే ఒక్క సెకనులో పని చేసింది! ఒప్పో, వివో, రియల్‌మీ, వన్‌ప్లస్ వాళ్ళవైతే సెట్టింగుల్లో ఓటీజీ అని వెతికి చూడండి, అది ఆన్ చెయ్యకపోతే ఏమీ గుర్తుపట్టదు, పది నిమిషాలు వాడకపోతే దానంతటదే ఆగిపోయేవి కూడా ఉన్నాయి. బడిలో పిల్లలకిచ్చిన ట్యాబ్‌లైతే సెట్టింగులకి తాళం వేసి ఉండొచ్చు, దాంతో కుస్తీ పట్టకండి. హబ్ కొంటే పీడీ అని రాసున్న ఛార్జింగ్ బొక్క ఉన్నదే కొనండి, మీ ట్యాబ్ తీసుకెళ్ళి కొట్లోనే ఒకవైపు ఛార్జర్, ఒకవైపు పెన్‌డ్రైవ్ పెట్టి రెండూ ఒకేసారి నడుస్తున్నాయా చూసుకోండి, కొన్ని ట్యాబ్‌లు ఛార్జర్ పెట్టగానే పెన్‌డ్రైవ్‌ని వదిలేస్తాయి. పాత మైక్రో యూఎస్‌బీ ట్యాబ్‌లలో ఈ రెండూ ఒకేసారి అవ్వడం దాదాపు కల్ల.

కొనేముందు ఇంకో చిన్న చిట్కా, యూఎస్‌బీ డివైస్ ఇన్ఫో అనే ఉచిత యాప్ వేసుకుని కొట్లోనే తగిలించి చూడండి. పేరు, క్లాస్ నంబర్ వచ్చాయంటే కేబులూ కరెంటూ బాగున్నట్టు. ల్యాన్ అడాప్టర్ కానిదానికి 255 గానీ ఎఫ్ఎఫ్ అనే రెండక్షరాలు గానీ కనపడితే దీనికి యాప్ ఏదండీ అని కొట్టు ఆయన్నే అడగండి, ఆయన నీళ్ళు నమిలితే వెనక్కి ఇచ్చేయండి. అసలు లిస్టులోనే రాకపోతే ఇంకే యాప్ వేసినా దండగ, ముందు తీగ మార్చండి.

మా బావమరిది సంగతికొస్తే, ఆ రాత్రే ఫోన్‌లో చెప్పి రాబీటీ వేయించా, కాయితం కదిలింది, మూడు రోజులు యూఎస్‌బీతోనే నడిపాడు, నాలుగో రోజు మధ్యాహ్నం ట్యాబ్ చచ్చిపోయి బిల్లులు చేత్తో రాశాడు, సాయంత్రానికి బ్లూటూత్ ఉన్న 80 మిల్లీమీటర్ల ప్రింటర్‌కి మార్చుకొచ్చాడు. ఇప్పుడు స్వీట్లు కూడా మొదలెడతాడంట, తూకం మిషన్‌ని ట్యాబ్‌కి కలిపేదెట్టా అంటున్నాడు. దాని వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుంది, మధ్యలో యూఎస్‌బీ మార్పిడి తీగ పెట్టాలి, ఎఫ్‌టీడీఐ చిప్పుది ఉంది, సీహెచ్340 చిప్పుది ఇంకా చవక, సీరియల్ యూఎస్‌బీ టెర్మినల్ యాప్‌లో రెండూ చదువుతాయి, గ్రాములు తెరమీద పడతాయి. కానీ ఆ గ్రాములు బిల్లులోకి రావాలంటే బిల్లింగ్ యాప్ తూకాన్ని చదవాలి కదా. అందుకే ముందు ఆ యాప్ వాళ్ళకి ఫోన్ చేసి ఏ తూకం మిషన్లు ఒప్పుకుంటారో లిస్టు తెప్పించుకోమన్నా, తీగ గానీ మిషన్ గానీ ఆ తర్వాతే కొనమన్నా. వింటాడో లేదో చూడాలి, పోయినసారి ప్రింటర్ కొన్నాకే కదా ఫోన్ చేసింది.